అమ్మాలా, ఉంచుకోవాలా

పల్లంలో మొదటి సంతకం పెదనాన్నదే. ఆయన పెట్టాక మిగతా నలభై కుటుంబాలూ ఒకరి వెనక ఒకరు రిజిస్ట్రారు బల్ల ముందు వరసకట్టాయి. పోయినవారం కథ అక్కడ ఆగింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఆ సంతకాల సంగతి రెండు మాటల్లో. ఊరికి దిగువన కాలువకి రెండువైపులా ఆకుకూరలూ పూలూ పండించే పల్లపు భూములున్నాయి. వాన గట్టిగా పడితే ఊరి నీళ్లన్నీ దిగేది అక్కడికే. ఆ భూమిలో ఎప్పటికీ ఇళ్లు కట్టం, కట్టేవాళ్లకి అమ్మం అని నలభై ఒక్క కుటుంబాలు రాసిచ్చాయి. బదులుగా మునిసిపాలిటీ వాళ్లకి అంతస్తు పత్రాలు ఇచ్చింది. స్టేషన్ రోడ్డులో ఐదంతస్తులు మించి కట్టాలనుకునే బిల్డరు పైన వేసే ప్రతి అంతస్తుకీ పల్లంవాళ్ల దగ్గర ఒక పత్రం కొనుక్కోవాలి. ఊరు నీళ్లున్న వైపు పాకకుండా, రైలూ బస్సూ ఉన్నచోట పైకి పెరగాలని ఆ ఏర్పాటు. కట్టకుండా ఉన్నందుకు పల్లంవాళ్లు నష్టపోకూడదని కూడా.

ఈ ఆలోచన చేసింది టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఊరి పటాలు గీసే ఒకావిడ. పల్లంలో ఆమెని అందరూ గీతలమ్మ అంటారు. పెదనాన్న ఆమె తండ్రికి స్వయానా అన్న. తండ్రి పోయిన నాటి నుంచి పాలకూర కట్టలు అమ్మి ఆమెని చదివించింది ఆయనే. మొదటి సంతకం ఆయన పెట్టడానికి కారణం పథకం అర్థం కావడం కాదు, గీసింది తన పిల్ల కావడం.

ఇంకొక సంగతి ఆమె ఎవరితోనూ అనదు. ఏడేళ్ల క్రితం కాలువ ఎగువన పదహారెకరాల పల్లం పూడ్చి ఇళ్లస్థలాలు వెయ్యడానికి ఆఫీసులో అనుమతి రాసింది ఆమే. కాగితాలు సక్రమంగానే ఉన్నాయి, నిబంధనలూ ఒప్పుకున్నాయి. రెండేళ్ల తర్వాత వానొచ్చింది. పోవడానికి చోటు లేని నీళ్లు రైల్వే కాలనీలోకి తిరిగాయి. అక్కడి చిన్న ఆసుపత్రి కింది అంతస్తులో మంచాల మీదున్నవాళ్లు ఆరుగురు పోయారు. ఆ ఆరు పేర్లూ ఆమెకి కంఠతా వచ్చు.

మంగళవారం ఉదయం పదిన్నరకి కమిషనర్ పిలిపించారు.

కమిషనర్ కసిరేవాడు కాదు. కింది ఉద్యోగులని కూడా కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఆరోజూ కుర్చీ చూపించి, ఫైలు తిప్పి ఆమె వైపు జరిపాడు.

"చదవండి. పెద్దదేం కాదు, ఒకటిన్నర పేజీ."

ఆమె చదివింది. స్టేషన్ రోడ్డులో ఎవరైనా ఎనిమిది అంతస్తుల దాకా కట్టుకోవచ్చు, మునిసిపాలిటీకి నేరుగా రుసుము కడితే చాలు అని ముసాయిదా ఉత్తర్వు. రుసుము ఎంతో కింద రాసి ఉంది. అంతస్తు పత్రం ధరలో అది పావు వంతు కూడా లేదు.

రెండు నెలలుగా బిల్డర్లు పల్లం వైపు ఎందుకు రావడం లేదో ఆమెకి అప్పుడర్థమైంది. వచ్చి ధర అడిగి, టీ తాగి, మళ్లీ వస్తామని వెళ్లినవాళ్లందరికీ ఈ ఒకటిన్నర పేజీ వాసన ముందే తగిలింది.

"సార్, ఇది వస్తే పత్రాలు చిత్తుకాగితాలు."

"పత్రాలని ఎవరూ రద్దు చెయ్యడం లేదమ్మా. అవి ఉంటాయి."

"ఉంటే ఏం లాభం సార్? కౌంటర్లో పావలాకి టిక్కెట్టు ఇస్తుంటే గేటు దగ్గర రూపాయి పెట్టి ఎవరు కొంటారు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఉత్తరం వైపు కాలనీల్లో నాలుగు రోజులకోసారి నీళ్లొస్తున్నాయి. గొట్టాలు మార్చాలి. మన దగ్గర జీతాలకే సరిపోవడం లేదు. ఈ రుసుముతో ఒక్క ఏడాదిలో గొట్టాలు పడతాయి. నేను నా ఇంటికి పట్టుకుపోవడం లేదు కదా."

ఆ మాట అబద్ధం కాదు. ఉత్తరం వైపు ఆడవాళ్లు ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకోవడం ఆమె కళ్లారా చూసింది.

"పల్లంవాళ్లు భూమిని శాశ్వతంగా కట్టేసుకున్నారు సార్. మనం మాటిచ్చాం కాబట్టి కట్టేసుకున్నారు. ఇవాళ వీళ్లని ముంచితే, ఇంకా సంతకం పెట్టని రెండొందల మంది జన్మలో పెట్టరు. లారీలు పిలిపించి మట్టి పోయించుకుంటారు. మళ్లీ వానొస్తుంది."

"వాన సంగతి వానొచ్చినప్పుడు చూద్దాం." ఆయన గొంతు పెంచలేదు. "పథకం మీది. సాంకేతికంగా అభ్యంతరం లేదని మీ నోట్ ఉంటే పైవాళ్లు ప్రశ్న వెయ్యరు. సాయంత్రం నాలుగింటికి ఫైలు నా బల్ల మీద ఉండాలి."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లాక ఆయన వెనకనుంచి అన్నాడు. "ఇది ఈ గది దాటకూడదు. మీ బంధువులు అక్కడున్నారని నాకు తెలుసు. ముసాయిదా బయటికి పొక్కితే ఎవరి ఉద్యోగం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి ఫైలు తెరిచి పెట్టుకుంది. నోట్ షీటులో తేదీ వేసింది. తేదీ కింద ఏమీ రాయలేదు. పన్నెండు దాటాక ఫోన్ మోగింది.

"అమ్మడూ, పనిలో ఉన్నావా?" పెదనాన్న. ఫోన్లో ఆయనెప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. ఎడమ చెవి వినబడదు, ఫోను మాత్రం ఆ చెవికే పెట్టుకుంటాడు. "ఒక్కసారి షెడ్డుకి రాగలవా? అందరం ఇక్కడే ఉన్నాం. మేస్త్రి వచ్చాడు. పత్రాలన్నీ ఒకేసారి కొంటానంటున్నాడు."

"ఎంతకి?"

"సగం ధరకి. అయితే రొక్కం. ఇవాళే."

ఆమె ఫైలు సొరుగులో పెట్టి తాళం వేసింది. స్థల పరిశీలన అని రిజిస్టరులో రాసి బయల్దేరింది.

కూరలు కడిగే షెడ్డు కాలువ గట్టు మీద ఉంటుంది. పైన రేకులు, కింద సిమెంటు తొట్లు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. మధ్యాహ్నం ఆ వేళకి కట్టలన్నీ బజారుకి వెళ్లిపోయి తొట్లు ఖాళీగా ఉన్నాయి. ముప్పై నలభై మంది ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించుకుని కూర్చున్నారు. పెదనాన్న మధ్యలో ఉన్నాడు. ఆయన ఎడమవైపు ఎవరూ కూర్చోలేదు, అక్కడ కూర్చుంటే మాట వృథా అని పల్లంలో పిల్లలకి కూడా తెలుసు.

మేస్త్రి ఎదురుగా బల్ల దగ్గర ఉన్నాడు. ఆయన ఇరవై ఏళ్లు ఇటుక మీద ఇటుక పేర్చినవాడు. ఈమధ్యే సొంతంగా స్టేషన్ రోడ్డులో ఒక బిల్డింగ్ మొదలుపెట్టాడు. పెద్దాసుపత్రి నర్సులు అద్దెకి ఉండేలా చిన్నచిన్న గదులు. కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చాడు గానీ వేళ్ల పగుళ్లలో సిమెంటు పోలేదు. బల్ల మీద ఒప్పంద కాగితాలు, చెక్కుబుక్కు, పక్కన గుడ్డసంచీ.

"రా అమ్మడూ, ఇటు కుడివైపు కూర్చో," అన్నాడు పెదనాన్న. "విషయం చెప్తాను. మూడు నెలల్లో మన పత్రాలు ఎన్ని అమ్ముడయ్యాయి? మూడు. మేస్త్రి అన్నీ తీసుకుంటానంటున్నాడు. తనకి కావలసినవి ఉంచుకుని మిగతావి ధర పెరిగాక పెద్ద బిల్డర్లకి అమ్ముకుంటాడట. అతని లాభం అతనిది, మన డబ్బు మనది. సగం మంది ఇచ్చేద్దామంటున్నారు, సగం మంది ఆగుదామంటున్నారు. నాకా, ఆకు చూసి పురుగు చెప్పమంటే చెప్తాను గానీ కాగితం చూసి ధర చెప్పలేను. నువ్వు చెప్పు. అమ్మాలా, ఉంచుకోవాలా?"

అందరూ ఆమె వైపు చూశారు.

అమ్మెయ్యమంటే మేస్త్రి మునుగుతాడు. వారం తిరక్కుండా పావు వంతుకి పడిపోయే కాగితాలని సగం ధరకి కొన్నవాడవుతాడు. ఉంచుకోమంటే వీళ్లు మునుగుతారు. ఏమీ అనకుండా ఊరుకున్నా ఎవరో ఒకరు మునుగుతారు, ఎవరన్నది వీళ్లలో ఎందరు చెయ్యెత్తుతారన్నదాన్ని బట్టి తేలుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనడానికి కూడా లేదు. నుయ్యీ గొయ్యీ రెండూ వేరేవాళ్లకి, గట్టు మీద నిలబడింది తను.

"నన్నడగకు పెదనాన్నా," అందామె.

"నిన్ను కాకపోతే ఎవరినడగను?"

"ఆఫీసు మనిషిని. నేను చెప్పకూడదు."

పెదనాన్న ఆమె ముఖంలోకి చూశాడు. పరీక్ష తప్పిన రోజు మార్కుల కాగితం దాచినప్పుడు చూసిన చూపే అది. ఆయన ఇంక అడగలేదు.

ఈలోగా పూలావిడ లేచింది. కాలువ చివర ముప్పావెకరంలో బంతిపూలు వేసే ఆవిడకి నాలుగు పత్రాలున్నాయి. ఆవిడ భర్తకి రెండు మూత్రపిండాలూ చెడిపోయి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి.

"మీరు చర్చించుకోండి. నాకు చర్చలకి తీరిక లేదు," అంది. "నేను అమ్ముతున్నాను. ఎక్కడ సంతకం పెట్టాలి మేస్త్రిగారూ?"

మేస్త్రి కాగితం తిప్పి చూపించాడు. పెన్ను మూత తీసి ఇచ్చాడు. సంచీలోంచి నోట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పూలావిడ పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగింది.

"ఆగు పిన్నీ," అంది గీతలమ్మ.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇక చెప్పక తప్పలేదు. ముసాయిదా ఉత్తర్వు గురించి చెప్పింది. ఎనిమిది అంతస్తులు, రుసుము, పావు వంతు. ఎవరికీ అర్థం కానిదేమీ లేకుండా, ఉదయం చదివింది చదివినట్టు చెప్పింది. చివర్న, "ఇది బయటపెట్టకూడదు. పెట్టాను," అంది.



ముందుగా మాట్లాడింది ముల్లంగి. ముల్లంగి తప్ప ఏమీ పండించడని ఆ రైతుకి ఆ పేరు. "అంటే మా భూమి ఎందుకూ పనికిరాకుండా రాయించుకుని, ఇప్పుడు పత్రం కూడా ఎందుకూ పనికిరాదంటున్నావు."

"అవును."

"కంచె వేసిన చేత్తోనే గొడ్లని తోలినట్టుంది, గీతలమ్మా."

ఆమె తల దించుకుంది. బదులు చెప్పడానికి ఆ మాటలో తప్పేమీ లేదు.

పూలావిడ ఇంకా పెన్ను వదల్లేదు. అరవలేదు, ఏడవనూ లేదు. మెల్లగా అంది. "ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం నువ్వు నోరు మూసుకుని ఉంటే నాకు ఏడాది గడిచిపోయేది కదమ్మా. నీకు న్యాయం గుర్తొచ్చే నిమిషం నా నిమిషమే అయిందా?"

 గీతలమ్మకి ఆ ఆరుగురి పేర్లు గుర్తుకొచ్చాయి. వాటిలో మూడోది ఈవిడ వయసు మనిషిదే.

మేస్త్రి పెన్ను తీసుకుని మూత పెట్టాడు.  "నా ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చాను అమ్మా ఇది," అన్నాడు నోట్ల కట్ట చూపించి. "మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"విన్నావుగా చెల్లీ," అన్నాడు పెదనాన్న పూలావిడతో. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం అరుదు. "మనం మునక్కుండా ఇంకొకణ్ణి ముంచమంటావా? రేపు నీ భర్త పక్క మంచం మీద ఇతనే ఉంటే నీకు మందు లోపలికి దిగుతుందా? ఆసుపత్రి సంగతి మనందరం చూసుకుందాం. ఈ వారం నాది, వచ్చేవారం ముల్లంగిది. ఏరా?"

ముల్లంగి తలూపాడు, కోపం తగ్గకుండానే. పూలావిడ వెళ్లి తన క్రేటు మీద కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. ఆవిడకి అది ఊరట కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

పెదనాన్న గీతలమ్మ వైపు తిరిగాడు. "ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?"

"ముందు నా నోట్ కావాలి. నాలుగింటికి."

"రాస్తావా?"

"అభ్యంతరం ఉందని రాస్తాను."

"నువ్వలా రాస్తే ఆగుతుందా?"

"ఆగదు. నన్ను పక్కన పెట్టి ఇంకొకరితో రాయిస్తారు. ఇవాళ ఇక్కడ మాట్లాడిన దానికి ఉద్యోగమే తీసేయొచ్చు."  "కానీ ఒక దారుంది. పథకంలో ఒక నిబంధన పెట్టాం. పత్రాల విలువ తగ్గించే ఉత్తర్వు ఏది తేవాలన్నా, పత్రం చేతిలో ఉన్నవాళ్లలో పదిమంది అభ్యంతరం రాసిస్తే బహిరంగ విచారణ జరపాలి. జరపకుండా ఇస్తే కోర్టులో నిలవదు. విచారణలో అడుగుదాం. రుసుము పెట్టుకోమందాం, కానీ పత్రం ధరకి తక్కువ కాకుండా పెట్టమందాం. పైన మూడంతస్తుల్లో ఒకటి పత్రంతోనే కట్టాలందాం. ఉత్తరం వైపు నీళ్లూ రావాలి, మనమూ బతకాలి. అది కుదరని లెక్క కాదు, ఎవరూ కూర్చుని వెయ్యని లెక్క."

"పదిమందేం, నలభై మందిమి ఉన్నాం," అన్నాడు ముల్లంగి.

"ఉన్నారు. పత్రాలు ఇవాళ అమ్మి ఉంటే ఒక్కరు కూడా ఉండేవాళ్లు కాదు. అన్నీ మేస్త్రిగారి ఒక్కరి చేతిలో ఉండేవి."

 తను అన్న మాటే తనకి ఆలస్యంగా వినబడినట్టు గీతలమ్మ మేస్త్రి వైపు తిరిగింది. ఆయన నోట్ల కట్ట సంచీలో పెట్టుకుంటూ మధ్యలో ఆగి, చెయ్యి సంచీలోనే ఉంచి నిలబడి ఉన్నాడు.

"మేస్త్రిగారూ, ఈ పత్రాలు కొనాలని మీకెందుకు తోచింది?"

ఆయన సంచీలోంచి చెయ్యి తీశాడు.

"నాకు తోచలేదమ్మా. నాకంత తెలివెక్కడిది. నిన్న నా ప్లాను పని మీద మునిసిపాలిటీకి వెళ్లాను. కమిషనర్ గారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మొదటి ఆఫీసరు ఆయన. పల్లంవాళ్లు సగానికి ఇచ్చేలా ఉన్నారు, రేపే వెళ్లి మొత్తం కొనెయ్యి, నెల తిరిగేసరికి రెట్టింపు అవుతుంది అన్నారు. నామీద దయ అనుకున్నాను."

"పత్రాలన్నిటికీ మీరొక్కరే సొంతదారైతే, ఉత్తర్వు వచ్చినప్పుడు అభ్యంతరం రాసేవారా?"

"ఎలా రాస్తాను? నా బిల్డింగ్ ప్లాను ఆయన బల్ల మీదే ఉంది కదమ్మా."

పెదనాన్న క్రేటు మీంచి లేచాడు. "నీరు పల్లమెరుగు అంటారు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "మన పల్లం ఆయనకి బాగానే తెలుసు."

గీతలమ్మ ఫోన్ మోగింది.

గడియారంలో రెండూ పది. తెర మీద కమిషనర్ నంబరు. ఆమె పెదనాన్న వైపు చూసింది. ఆయన బల్ల మీద కాగితాలు పక్కకి తోసి చోటు చేశాడు. ఆమె ఫోన్ అక్కడ పెట్టి, మాట అందరికీ వినపడేలా నొక్కింది. దూరంగా ఉన్నవాళ్లు లేచి దగ్గరికొచ్చారు. పూలావిడ కూడా ముఖం మీంచి కొంగు తీసింది.

"ఎక్కడున్నారమ్మా? బల్ల దగ్గర లేరట," అంది కమిషనర్ గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"పల్లంలో ఉన్నాను సార్. కూరల షెడ్డులో. మీ మాట నలభై మంది వింటున్నారు."

 ఫోన్ పెట్టేశాడేమోనని ముల్లంగి వంగి చూశాడు. పెట్టెయ్యలేదు.

ఫైలు గురించి ఆయన అడగలేదు. ఆమె ఏం చెప్పిందని కూడా అడగలేదు. మొదటిసారిగా ఆయన గొంతులో తొందర వినిపించింది.

"మేస్త్రి అక్కడే ఉన్నాడా?"